వాక్కాయ గింజలు మొలిచాయి

అత్తయ్యా,

డ్యూటీకి వెళ్తున్నాను, నిద్రలో ఉన్నారని లేపలేదు. మేడమీద మీ వాక్కాయ గింజలు మొలిచాయి! మట్టి తడిగానే ఉంది, ఇవాళ నీళ్లు పోయకండి. ఎండెక్కేలోపు ఆ ట్రే నీడకి జరపాలి. మీరు ఎత్తకండి, మీ అబ్బాయికి చెప్పండి. "వాక్కాయ ఎండకి జడిసే రకం కాదే" అంటారని తెలుసు. పెద్దయ్యాక జడవదు సరే, ఇప్పుడింకా పసిది.

కుడిచెయ్యి పడిపోయాక మీరు మంచం దిగరేమోనని భయపడ్డాం. మీరేమో పండ్ల గుజ్జు కడిగి, ఒక్కో గింజా ఎడమచేత్తో నాటారు. నాకైతే అంత ఓపిక లేదు తల్లీ!

మందు మింగి, ఆ తర్వాతే మేడెక్కండి.

మీ కోడలు

ఇంకోమాట: నిన్న సాయంత్రం ఆ మట్టి సర్దింది మీ కుడిచెయ్యే. మీరు చూసుకోలేదు, నేను చూశాను.