చేతిలో తుపాకీ

ఆగస్టు తొమ్మిది. పొద్దుటి నుంచి ముసురు. కుట్టుమిషనుకు నూనె వేసి బయలుదేరాను.

అమ్మా కోడలా, వేరే కాగితం దొరక్క నా డైరీ పేజీ మీదే నీకు రాస్తున్నాను.

మన అబ్బాయి విగ్రహాన్ని రేపు వీధి మొగలో నిలబెడతారట. ఇవాళ మీ అత్తయ్యా నేనూ శిల్పి షెడ్డుకు వెళ్లి చూశాం. ముఖం అచ్చం వాడిదే. చేతిలో మాత్రం తుపాకీ పెట్టారు. వాడు స్ట్రెచర్ మోసేవాడు కదా. గాయపడినవాణ్ణి మోసుకొస్తూనే యుద్ధంలో పోయాడు.

"తుపాకీ లేకపోతే సైనికుడని ఎవరికి తెలుస్తుందండీ?" అన్నాడు విగ్రహం పెట్టిస్తున్న కమిటీ పెద్ద.

"తుపాకీ పట్టడానికి నా కొడుకు చేతులు ఎప్పుడు ఖాళీగా ఉన్నాయి నాయనా?" అని మీ అత్తయ్య విగ్రహం ముందే చతికిలబడింది. అది తీసేదాకా లేవదట. ఆమెకు నచ్చజెప్పమని అందరూ నా మీద పడుతున్నారు. నలుగురిలో నాకు నోరు పెగలదని నీకు తెలుసు.

నువ్వు వాడి భార్యవు, తుపాకీ తీసేయమంటే కమిటీవాళ్లు నీ మాట కాదనలేరు. ఈ ఉత్తరం ఆటో అతనికిచ్చి పంపుతున్నాను. అందగానే అదే ఆటోలో రా.

విగ్రహం కోసం లారీ వచ్చేసింది. నలుగురు తాళ్లు పట్టుకుని దిగుతున్నారు. మీ అత్తయ్య కదలడం లేదు. ఆమె పక్కన నేనూ కూర్చుంటున్నాను. నువ్వు వచ్చే దారిలో మన ఇంటి తలుపు గడియ వేశానో లేదో కాస్త చూసి రా.