పేరు అడిగే బార్

శనివారం రాత్రి

నిన్న ఇక్కడి అరబ్బు పేట మహూజ్‌లో, జిన్ను భూతాలూ మనుషులూ కలిసి తాగే ఒక బార్‌కు వెళ్ళాను. గ్లాసు నింపే ముందు జిన్ను పేరు అడుగుతుంది. చెప్పిన పేరు ఇక దానిదే, ఆ పేరున్న మనిషికి గుర్తుండదు. నేను నా గదిలో ఉండే లింగన్న పేరు చెప్పాను. రెండేళ్ళుగా నాకు వండిపెడుతున్న మనిషి.

పొద్దున డ్యూటీ బస్సు దగ్గర ఫోర్‌మన్ హాజరు పిలిచాడు. లింగన్న పలకలేదు. ఆబ్సెంట్ వేశారు. సాయంత్రం నా పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"తమ్మీ, అందరు నన్ను ఏమని పిలుస్తరురా?"

పేరు నోటిదాకా వచ్చింది. చెబితే దానికి బదులుగా జిన్ను నా పేరు కోసం వస్తుందేమో...

"ఏయ్ అని పిలుస్తరు" అన్నాను.

నమ్మాడు. ఇందాక "ఏయ్" అంటే లేచి నీళ్ళు తెచ్చిచ్చాడు. చల్లగా ఉన్నాయి.