లూసియా వచ్చేదాకా నిద్రపోవాలి

నవంబరు 27, ఆదివారం

మైనస్ మూడు. మబ్బు.

హెలెనా ఈ డైరీ కొనిచ్చింది. మాతో మాట్లాడకపోయినా పర్లేదు నాన్నా, దీంతోనైనా మాట్లాడు అంది. ఏం రాయాలో తెలీదు. నదిలో దుంగలు తోలి బతికినవాణ్ణి. దుంగలకి మాటలక్కర్లేదు.

మా ఆవిడ ఇంగ్రిడ్ ఏప్రిల్లో పోయింది. మే నెలలో కూతురింటికి వచ్చేశాను. వంటింటి పక్క గది నాది. వెచ్చగా ఉంటుంది. అల్లుడు పెర్ మంచివాడు. ఎక్కువ ప్రశ్నలు వెయ్యడు. మనవరాళ్ళు ఇద్దరు. టూవాకి తొమ్మిదేళ్ళు, ఎల్లెన్‌కి ఐదు.

కిటికీలో కాగితం నక్షత్రం కట్టాను. లోపల బల్బు వెలిగింది. బాగుంది.

డిసెంబరు 1, గురువారం

మైనస్ ఏడు. సన్నగా మంచు.

టూవా స్కూలు నుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది. ఈ ఏడు లూసియా పండక్కి క్లాసులో లూసియా వేషం ఎవరిదని చీటీలు తీశారట. ఈ పిల్ల పేరే వచ్చింది. నాకొద్దని టీచర్‌కి తిరిగిచ్చేసిందట. ఎందుకే, అందరూ దానికోసం ఏడుస్తుంటే అంది హెలెనా. పాడాలి కదా అంది టూవా. పైకి వెళ్ళి తలుపేసుకుంది.

పోయినేడు దాకా ఇల్లంతా ఆ గొంతే. ఇంగ్రిడ్ పాడితే ఇది అందుకునేది. ఏప్రిల్ తర్వాత ఒక్కసారి కూడా వినలేదు.

డిసెంబరు 4, ఆదివారం

క్రిస్మస్ దాకా ఆదివారానికొకటి చొప్పున వెలిగించే కొవ్వొత్తుల్లో రెండోది వెలిగించాం. భోజనాల దగ్గర పెద్ద చర్చ.

ఎల్లెన్ కుర్చీ ఎక్కి నాకు రూల్సు చెప్పింది. పదమూడో తారీఖు తెల్లారకముందు అక్క తెల్లగౌను వేసుకుంటుంది, ఎర్ర రిబ్బను కట్టుకుంటుంది, నెత్తిమీద దీపాల కిరీటం పెట్టుకుంటుంది, నేను అల్లం బిస్కెట్ వేషం వేస్తా, మీరందరూ నిద్రపోతుంటారు, మేం పాడుకుంటూ వచ్చి కాఫీ, బన్నులు ఇచ్చి లేపుతాం, తెలిసిందా తాతయ్యా అంది. ఎనభయ్యేళ్ళుగా తెలుసు అనలేదు. సరే అన్నాను.

టూవా ప్లేటులోకి చూస్తూ, గౌను వేసుకుంటా, ట్రే పట్టుకుంటా, పాడను అంది. దానికేముంది, ఫోన్లో పాట పెట్టి జేబులో వేసుకో అన్నాడు పెర్. గౌనుకి జేబులుండవు నాన్నా అంది టూవా. పాట లేకపోతే అది లూసియా కాదు, హోటలు అంది ఎల్లెన్. అందరం నవ్వాం. టూవా నవ్వలేదు.

తర్వాత గిన్నెలు తుడుస్తుంటే హెలెనా చెప్పింది. మొదలుపెట్టేది ఎప్పుడూ అమ్మమ్మే, నేను వెనకాల అందుకునేదాన్ని, మొదటి ముక్క నా నోటికి రాదు అని టూవా రాత్రి తన దగ్గర ఏడ్చిందట. మనిద్దరిలో ఎవరైనా మొదలుపెడదామంటే నిద్రపోతూ ఉండాలాయె, పైగా నాకు వచ్చింది నీ గొంతే కదా నాన్నా అంది. అవును, పాపం.

దాని పాట పోతే పోనీ అనుకోవచ్చు. కానీ ఇంగ్రిడ్ నుంచి ఈ ఇంటికి వచ్చింది అదొక్కటే. మిగతావన్నీ పళ్ళేలూ దుప్పట్లే.

డిసెంబరు 7, బుధవారం

మైనస్ పదకొండు. నాకసలు గొంతుందని ఎవరన్నారు.

డిసెంబరు 9, శుక్రవారం

కొట్టుకి పంపింది హెలెనా. బన్నుల్లోకి కుంకుమపువ్వు కావాలి. ఆ పొట్లాలు బిల్లు వేసే అమ్మాయి వెనకాల పెడతారు. నోరు తెరిచి అడగాలి. నా వెనక ఊళ్ళోవాళ్ళంతా వరసలో ఉన్నారు. అగ్గిపెట్టె కొనుక్కుని వచ్చేశాను.

హెలెనా అగ్గిపెట్టెని చూసింది, నన్ను చూసింది. దీన్ని నూరి పిండిలో కలపమంటావా నాన్నా అంది. మళ్ళీ వెళ్ళాను. అడిగాను. ఆ అమ్మాయి ఇచ్చింది. ఏమీ కాలేదు.

డిసెంబరు 11, ఆదివారం

మైనస్ ఆరు. గాలి లేదు.

పొద్దున అడవికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని మంచు తవ్వాను. కిరీటం చుట్టూ కట్టడానికి లింగన్ అనే ఎర్రపళ్ళ పొద కొమ్మలు కావాలి. అడుగున పచ్చగానే ఉన్నాయి. ఒకదానికి రెండు ఎర్రపళ్ళు కూడా ఉన్నాయి. ఎంత సంతోషమేసిందో. వేళ్ళకి స్పర్శ తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నం బన్నులు. పిండి పచ్చగా పొంగింది. నేను పాముల్లా పొడుగ్గా సాగదీస్తే, టూవా రెండు కొసలూ రెండువైపులకి చుట్టింది. ఒక్కో చుట్టలో ఒక్కో ఎండుద్రాక్ష గుచ్చాలి, కళ్ళలాగా. ఆ పని ఎల్లెన్‌ది. సగం ద్రాక్షలు దాని కడుపులోకే పోయాయి. మన బన్నులకి ఒంటికన్నేమిటే అన్నాడు పెర్. కన్ను కొడుతున్నాయి నాన్నా అంది ఎల్లెన్.

సాయంత్రం ఎల్లెన్ నాకు పరీక్ష పెట్టింది. తాతయ్య రోజూ నాలుగింటికే లేచి పొయ్యి వెలిగించి కాఫీ కాస్తాడు, ఆ రోజు కూడా లేచాడంటే అంతా పాడైపోతుంది అని దాని భయం. మంచమ్మీద పడుకోబెట్టింది. కళ్ళు మూసుకున్నాను. అలా కాదు తాతయ్యా, చచ్చిపోయినట్టున్నావు, నిద్రపోయినట్టుండాలి అంది. గురక పెట్టాను. ఇప్పుడు మరీ ఎక్కువైంది అంది. గుమ్మంలో టూవా నవ్వింది. ఆ చప్పుడు విని నిజంగా నిద్ర పట్టినంత హాయిగా ఉంది.

డిసెంబరు 12, సోమవారం

పడుకోబోయే ముందు టూవా నా గదికి వచ్చింది. మంచం అంచున కూర్చుంది. ఇద్దరం ఊరికే కూర్చున్నాం. మాకిద్దరికీ అది బాగా వచ్చు.

చివరికి, చర్చిలో అమ్మమ్మ పక్కన నువ్వు కూడా పాడేవాడివా తాతయ్యా అంది. లేదమ్మా, పెదాలు కదిపేవాణ్ణి అన్నాను. ఆవు నెమరేసినట్టుంది అల్గోత్ అని మీ అమ్మమ్మ ఏడిపించేది అన్నాను. నవ్వింది. మరి అలా కదిపితే సరిపోతుందా అంది. నాకు సరిపోయింది అన్నాను.

తలూపి వెళ్ళిపోయింది. తలుపేసుకున్నాక, ఎంత మాటన్నానురా అనిపించింది. నాకేం సరిపోలేదు.

డిసెంబరు 13, మంగళవారం, పొద్దున ఎనిమిది

మైనస్ తొమ్మిది. చుక్కలు. రాయాలి.

నాలుగింటికే మెలకువ వచ్చింది. కాళ్ళు పొయ్యి వైపు లాగాయి. దుప్పటి కింద ఒక కాలితో ఇంకో కాలిని తొక్కిపెట్టి పడుకున్నాను. ఇంత చలిలో అంతసేపు పనిలేకుండా ఎప్పుడూ లేను.

వంటింట్లో గుసగుసలు. నా టోపీ ఏదీ అని ఎల్లెన్. ష్ అని టూవా. కాఫీ వాసన. ఇంకొకరు కాసిన కాఫీ, నాకోసం.

తలుపు కిందనుంచి వెలుగు పాక్కుంటూ వచ్చింది. అక్కడే ఆగింది. మొదలుపెట్టవే అంది ఎల్లెన్. అక్కా, మొదలుపెట్టు అంది మళ్ళీ, ఈసారి ఏడుపుగొంతుతో. ట్రేలో కప్పులు టకటకమంటున్నాయి. వెలుగు కొంచెం వెనక్కి జరిగింది.

నేను నిద్రపోతున్నాను. అదీ రూలు. కళ్ళు తెరవకూడదు. లేవకూడదు. అందుకని పడుకునే, కళ్ళు మూసుకునే, గురక పెట్టాల్సిన చోట పాట మొదలుపెట్టాను.

నా గొంతు దుంగ రాతికి ఒరుసుకున్నట్టుంది. కానీ మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. అన్నేళ్ళు పెదాలు కదిపింది ఊరికే పోలేదు. రాగం మాత్రం మూడో వరసలో ఎటో కొట్టుకుపోయింది. అక్కడ కాదు తాతయ్యా, ఇంకా పైకి అంది టూవా తలుపవతల నుంచి. అని ఊరుకోలేదు. ఎంత పైకో పాడి చూపించింది.

నేను ఆపేశాను. తను ఆపలేదు.

తలుపు తెరుచుకుంది. రెప్పల మీద వెలుగు పడింది. పాట మంచం దాకా వచ్చింది. అచ్చం ఇంగ్రిడ్‌లాగా లేదు. దాని గొంతు దానిదే. మధ్యలో ఒకచోట బొంగురుపోయింది, సర్దుకుంది. పూర్తయ్యేదాకా కళ్ళు తెరవలేదు. తెరవాలన్నా కుదిరేది కాదు, తడిగా ఉన్నాయి.

నిద్రపోయేవాళ్ళు పాడకూడదు తాతయ్యా అని ఎల్లెన్ కోప్పడింది. దాని టోపీ కళ్ళమీదికి జారింది. టూవా నెత్తిమీద కొమ్మల మధ్య బ్యాటరీ దీపాలు, ఆ రెండు ఎర్రపళ్ళు. ఒంటికన్ను బన్ను చేతిలో పెట్టింది. గుడ్ మార్నింగ్ అంది, ఏమీ జరగనట్టు.

తర్వాత వాళ్ళ వెనకే మెట్లెక్కాను. పైన టూవా తనే మొదలుపెట్టింది. పెర్ రంపంలా గురక పెడుతున్నాడు. హెలెనా మొహం దిండులో దాచుకుంది, భుజాలు కదులుతున్నాయి. లేచాక, కింద ముందు పాడింది ఎవరు అంది. తాతయ్యకి నిద్రలో పాడే అలవాటుంది అంది టూవా. హెలెనా నావైపు చూసింది. నేను కాఫీలోకి చూశాను.

ఎవరికి చెప్పాలో తెలీదు. థాంక్స్ అని ఇక్కడ రాసి పెడుతున్నాను.

డిసెంబరు 14, బుధవారం

నాలుగింటికి లేచాను. పొయ్యి వెలిగిస్తూ ఏదో పాడుకుంటున్నట్టున్నాను. తలెత్తితే వంటింటి సోఫా మీద దుప్పటి కప్పుకుని టూవా. కళ్ళు గట్టిగా మూసుకుంది. గురక పెడుతోంది.

పాట ఆపలేదు.