రెండు ఊళ్ళ మధ్య ఆరు గంటలు

జూన్ 9, సోమవారం. ఉదయం 11

బావ ఫోన్. అక్క ఇంకో రెండు రోజులకి మించి ఉండదని డాక్టర్ చెప్పేసిందట. అమ్మని వెంటనే పంపమన్నాడు. నాకు పాస్‌పోర్టే లేదు. పదేళ్ళుగా ఈ ట్రావెల్స్ ఆఫీసులో కూర్చుని ఊరందరినీ విమానం ఎక్కిస్తున్నాను, నేను ఒక్కసారీ ఎక్కలేదు. అమ్మకి వీసా ఉంది కాబట్టి నయం.

అక్క ఊరు నాలుగువేల ఎనిమిది వందల కిలోమీటర్లు. డైరెక్ట్ ఫ్లైట్ ఆరు గంటలు. కానీ అది రేపు ఉదయం పదింటికి బయల్దేరి, అక్కడి టైం ప్రకారం సాయంత్రం ఆరున్నరకి దిగుతుంది. అంతసేపు ఎవరాగుతారు? ఇవాళ సాయంత్రం ఆరింటికి కనెక్షన్ ఫ్లైట్ ఉంది. ఒకచోట మారాలి, అయినా రేపు ఉదయం పదకొండుకల్లా అక్కడుంటుంది. అదే తీశాను.

పక్క సీటాయన డైరెక్టే మంచిదన్నాడు. టైమింగులన్నీ నోటికొచ్చని ఆఫీసంతా ఆయన్ని గడియారం అంటుంది. ఓసారి టికెట్ చూపించమన్నాడు. మీ పని మీరు చూసుకోండి అన్నాను.

సాయంత్రం 4

అమ్మని ఎయిర్‌పోర్టులో దింపాను. కిటికీ సీటు ఇప్పించాను. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని కౌంటర్లో అమ్మాయితో గొప్పగా చెప్పింది. ఏడుస్తూనే చెప్పింది.

జూన్ 10, మంగళవారం. ఉదయం 6

మారాల్సిన ఎయిర్‌పోర్టు నించి అమ్మ ఫోన్. తన విమానం బోర్డులో లేదట. ఎవరినడిగినా రేపు అంటున్నారట.

టికెట్ తెరిచాను. దిగే టైం పక్కన చిన్న అంకె ఉంటుంది, బయల్దేరిన తేదీకి ఎన్ని రోజులు కలపాలో చెప్పడానికి. సాయంత్రం ఎక్కేవాళ్ళకి దాదాపు ఎప్పుడూ ఒకటే. చూడకుండానే ఒకటి అనుకున్నాను. అది రెండు. అమ్మ దిగేది బుధవారం.

నా కళ్ళు పోను. విమానం రద్దయిందని అమ్మకి అబద్ధం చెప్పాను.

ఉదయం 10

నేనూ గడియారమూ అక్కణ్ణించి ఉన్న ప్రతి ఫ్లైటూ వెతికాం. ఒక్క సీటు లేదు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం 3

అమ్మ ఎందాకా వచ్చిందని అక్క గంటగంటకీ అడుగుతోందట. వచ్చేస్తోందని చెప్పమన్నాను. అమ్మ రెండువేల కిలోమీటర్ల ఇవతల ఇనప కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్ళు వాచాయంటోంది.

జూన్ 11, బుధవారం

అక్క నిన్న రాత్రి, అక్కడి టైం తొమ్మిదిన్నరకి పోయింది. డైరెక్ట్‌లో వెళ్ళుంటే అమ్మ రెండు గంటలైనా పక్కన కూర్చునేది. అక్క చెయ్యి పట్టుకునేది.

జూన్ 14

అమ్మ విమానాలవాళ్ళకి శాపనార్థాలు పెడుతోంది. నేను ఊ కొడుతున్నాను. ఛీ, ఇదీ ఒక బతుకేనా.

జూన్ 19

అమ్మ ఫోన్ చేసింది. తిరుగు టికెట్ బావ తీస్తానంటే వద్దందట. "నువ్వే తియ్యి తల్లీ. ఇంకెవరు తీసినా నాకు ధైర్యం చాలదు" అంది.

గడియారాన్ని తియ్యమన్నాను. నేనే తీశానని అమ్మకి చెప్పాను.