ఎవరి నీళ్లు వాళ్లకే

అమ్మా,

నేను వేళకి తింటున్నాను, కవలలిద్దరూ కదులుతున్నారు. ముందు ఈ మాట చదివి, కూర్చుని తక్కినది చదువు.

ఇవాళ స్కానింగ్ గదిలో దీపాలు ఆర్పేశారు. కొత్తగా చేరిన డాక్టరమ్మ ఉమ్మనీరు కొలిచి, "ఇద్దరికీ సరిసమానంగా ఉందమ్మా" అంది. నాకేమో హాయిగా నీళ్ల అడుగున పడుకున్నట్టు కళ్లు మూతలు పడుతున్నాయి. అంతలో పెద్ద డాక్టరమ్మ వచ్చింది. "ఒకరి నీళ్లనే రెండుసార్లు కొలిచావు తల్లీ. ఇద్దరి మధ్య పొర ఏదీ?" అనేసరికి ఆ కొత్త డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. ఆవిడ నన్ను పక్కకి ఒత్తిగిల్లమని, చూస్తూ కూర్చుంది. కాసేపటికి పొగలాంటి గీత ఒకటి మెల్లగా ఊగింది. దాని అవతల, కవలల్లో చిన్నగా ఉన్న మన చిన్నది, తన వైపు నీళ్లు తక్కువై, దుప్పటి బిగించి చుట్టినట్టు ఒదిగి ఉంది. అయినా వేలు చప్పరిస్తూనే ఉంది. అచ్చం నీ పోలికే, మొండి ఘటం!

ఇకమీదట తరచూ ఇద్దరికీ విడివిడిగా కొలుస్తారట. అవసరమైతే ముందే ఆసుపత్రిలో చేర్చుకుంటారట. నువ్వు వచ్చే నెల దాకా ఆగకు, వెంటనే బయల్దేరు. నాన్న మందులు పిన్నికి అప్పగించు. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నా వదులు నైటీలు తే. మీ అల్లుడు నమస్కారాలు చెప్పమన్నారు. మీ దీవెనలు నాకూ, కడుపులో ఇద్దరికీ కావాలి.

బొంత ఒకటి కుట్టి, రెండోది పిల్లలు పుట్టాక చూద్దామన్నావు. ఇప్పుడే మొదలుపెట్టు. చిన్నదానికే కదా అని చిన్నగా కుట్టేవు, రెండూ ఒకే కొలత ఉండాలి.

నీ అమ్మాయి