ఖాళీ డబ్బా పిలుపు

తమ్ముడు ధర్మేందర్‌కు,

పిల్లలమర్రి శివయ్య నిన్ను సల్లగ చూడాలె.

అమ్మ దశదినానికి మిర్యాలగూడ మేనమామ రాలేదు. ఫొటో ముందట ఆయన తేవాల్సిన తల్లిగారి చీర పెట్టకుండనే కార్యం అయిపోయింది. ఇంటికి పోయి పిలువుమంటే "మెయిల్ చాలు అక్కా" అన్నవ్. కోదాడ చిన్నమ్మ ఫోన్ చేసి అడిగింది కాబట్టి వచ్చింది. మేనమామ ఫోన్ల నీ మెయిల్ తెరిస్తే ఖాళీ డబ్బనే కనబడ్డదట.

నా బిడ్డ కల్పన చూసి చెప్పింది: "ధర్మేందర్ మామ కార్డంతా ఒక్క బొమ్మ చేసి పంపిండమ్మా. ఫోన్ బొమ్మను ఆపేస్తే ఇగ ఏం కనబడది. తారీఖు, జాగ అక్షరాలల్ల రాయాల్సింది."

కంపెనీలకు గిసొంటి మెయిళ్లు చేసుడే నీ కొలువు. వాళ్లవైతే అన్ని ఫోన్లల్ల తెరిచి చూసినంకనే పంపుతవు.

మాసికానికి అందరికీ అక్షరాలల్ల రాయి. మేనమామ దగ్గరికి మాత్రం బస్సెక్కి పో. తిడితే పడు. నేను పోతే మంచినీళ్లిచ్చిండు గని, తిట్టను కూడ తిట్టలేదు.

మీ పెద్దక్క,
సూర్యాపేట