మూట మధ్యలో చెయ్యి పెట్టి చూడు

మావా, నేను డ్యూటీకి పోతున్నాను. పదింటికి గుడ్డలమ్మే దాదా బొంతలకి చెప్పిన రెండు గుడ్డల మూటలూ, దారం రీళ్ళ పెట్టె కూడా తెస్తాడు. తాళ్ళు విప్పించి, మధ్యలో చెయ్యి పెట్టి చూడందే గడప దాటనివ్వకు. పోయినసారి పైన మంచి నూలు గుడ్డ పేర్చి, మధ్యంతా పాలిస్టర్ ముక్కలు కుక్కేశాడు. ఎర్రగుడ్డ ఏది కనిపించినా కొస తడిపి నీ తెల్ల బనీనుకి రుద్దు. రంగు అంటితే మూట వెనక్కి పంపెయ్. దారం కూడా లాగి చూడు, ఊరికే తెగితే పెట్టె వద్దను.

నువ్వు ఏటి చేస్తావో నాకు తెలుసు. ఆడు వాళ్ళ భాషలో అన్నా అన్నట్టు నిన్ను 'దాదా' అని పిలిచి ఒక టీ తాగిస్తే, ఏదీ చూడకుండా సంతకం పెట్టేస్తావు. టీ తాగు, సంతకం మాత్రం మూటలు విప్పాకే.

అన్నం గిన్నెలో ఉంది, పులుసు వేడి చేసుకో.

- మేరీరాణి

మరిచాను. నీ నీలం గళ్ళ పాత లుంగీ పోయిందని పక్కింటోళ్ళని అనుమానించడం మానెయ్. హాస్టల్‌కి పోతున్న మన జ్యోతికి కుట్టిన బొంతలో, మధ్య పొరగా నేనే వేసేశాను. చిన్నప్పుడు అది ఆ లుంగీ కప్పితేనే పడుకునేది. కుట్లు విప్పి తీసుకున్నావంటే ఊరుకోను.